వెచ్చటి గోడ

చలి ముదిరేలోపు ఇల్లిల్లూ తిరిగి, ఎవరింట్లో వేడి దేంతో వస్తుందో రాసుకురమ్మని నరిన్ పట్టణం మున్సిపల్ ఆఫీసువాళ్లు తమ దగ్గర పనిచేసే బురుల్చాని పంపారు. కాగితంలో నాలుగు గళ్లు: బొగ్గు పొయ్యి, కరెంటు, సొంత బాయిలరు, ఊరి వేడినీళ్ల గొట్టాలు. బొగ్గు పొయ్యి ఉన్న ఇళ్లకి ఆఫీసే బొగ్గు తోలిస్తుంది.

బురుల్చాకి అదేం కష్టం కాదు. ఆమె భర్త తొలొముష్ పొయ్యిలు కట్టే మేస్త్రీ. కప్పు మీది పొగగొట్టం చూసి లోపలేముందో చెప్పేసేది.

మూడోరోజు సల్తనత్ ఇంటికి వెళ్లాల్సొచ్చింది. సల్తనత్ భర్త పోయి నాలుగేళ్లయింది. ఒకప్పుడు తొలొముష్ ఆమెనే చేసుకోవాలనుకున్నాడని ఊరందరికీ తెలుసు. బురుల్చాకీ తెలుసు.

"రా రా, చాయ్ తాగి వెళ్దువుగాని," అంది సల్తనత్.

లోపల అడుగుపెట్టగానే బురుల్చాకి కోటు విప్పాలనిపించింది. ముందు గదిలో పొయ్యి లేదు. రెండు గదుల మధ్య గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. వంటింట్లోకి తొంగిచూసింది. పొయ్యి తలుపు పైన ఇటుకలు విసనకర్రలా పరిచి ఉన్నాయి. అలా పరిచేవాడు ఊళ్లో ఒక్కడే.

"పొగ ఈ గోడలోంచే పోతుందా?"

"అవును, లోపల ఐదు మలుపులు తిరుగుతుందట. రెండు గదులూ ఒక్కలాగే వెచ్చగా ఉంటాయి. పోయినేడు మీ ఆయనే కట్టాడుగా, చెప్పలేదా నీకు?"

"ఎందుకు చెప్పడూ! చెప్పాడు."

బురుల్చా చాయ్ గిన్నె పక్కన పెట్టేసింది. తన ఇంట్లో మామగారు కట్టిన పాత పొయ్యి గాలి వీస్తే చాలు, పొగంతా ఇంట్లోకే వదులుతుంది. లోపలి గదిలో చెంబులో నీళ్లు గడ్డకడతాయి. కొత్తది కట్టమని ఆరేళ్లుగా అడుగుతూనే ఉంది. ఇక్కడేమో ఐదు మలుపులు!

వీధిలోకొచ్చాక, సల్తనత్ పేరు ఎదురుగా కరెంటు గడిలో టిక్కు పెట్టింది.

సాయంత్రం తొలొముష్ చేతులు కడుక్కుంటుండగానే అందుకుంది. "దాని గోడ భలే వెచ్చగా ఉంది."

అతనికి వెంటనే అర్థమైంది. "పిల్లలతో చలికి చస్తోంది, కట్టిపెట్టాను. తప్పా?"

"నీ పిల్లలకి చలి వెయ్యదా? నాకెందుకు దాచావు?"

"చెబితే ఇదిగో, ఇలా అరుస్తావని."

"చెప్పకపోతే అరవననుకున్నావా?"

అతను తువ్వాలు పక్కన పడేశాడు. "అక్కడ ఇటుక పెడితే, ఎంత బాగుందో అంది. ఇక్కడ ఏం చేసినా నీకు వంకే."

ఆ మాట బురుల్చాని సల్తనత్ గోడకంటే ఎక్కువ మండించింది. వారం రోజులు అతనికి చాయ్ పోసి, గిన్నె చేతికివ్వకుండా బల్ల మీద పెట్టింది.

బొగ్గు జాబితా అంటించిన రోజు సల్తనత్ ఆఫీసుకొచ్చింది. గొడవ పడటానికి కాదు. చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి, "బురుల్చా, నా పేరు జారిపోయినట్టుంది, కాస్త చూడమ్మా," అంది. బురుల్చాయే ఇలా చేసి ఉంటుందన్న అనుమానం ఆ ముఖంలో ఎక్కడా లేదు. అదే బురుల్చాకి భరించరానిదైంది.

కాగితం తీసి కరెంటు గడిలోని టిక్కు చెరిపేసి, బొగ్గు గడిలో పెట్టి, పక్కన సంతకం చేసింది. వెనకనుంచి పెద్ద గుమాస్తా చూడనే చూశాడు.

"మేస్త్రీ పెళ్లానివి, పొయ్యికీ కరెంటుకీ తేడా తెలీదా?"

"పొరపాటైంది, అన్నా," అంది తలెత్తకుండా. నలుగురూ నవ్వారు. మూడో రోజున సల్తనత్ వాకిట్లో బొగ్గు దిగింది.

మంచు కరిగాక తొలొముష్ ఎవరూ అడక్కుండానే పాత పొయ్యి పడగొట్టి కొత్తది మొదలుపెట్టాడు. ఐదు మలుపుల గోడ నడుము ఎత్తు లేచింది. బురుల్చా గుమ్మంలో నిలబడి చూసింది.

"ఇది దానిలాంటిదేగా?"

"ఇంతకంటే మంచిది నాకు రాదు."

"దానికి కట్టింది నాకొద్దు. తీసెయ్."

అతను ఒక్కో ఇటుకా ఊడదీశాడు. దాని బదులు రొట్టెలు కాల్చుకునే అరతో మామూలు పొయ్యి కట్టాడు. పొగ రాదు. రొట్టె బాగా పొంగుతుంది. లోపలి గది మాత్రం ఇప్పటికీ చల్లగానే ఉంటుంది. బురుల్చా రెండు దుప్పట్లు కప్పుకుని పడుకుంటుంది, చలి అని ఎవరితోనూ అనదు.