జూమ్ రింగులో కొర్రగింజలు

కడపలో కెమెరాలు బాగుచేసే మస్తాన్‌వలీ బల్ల ముందు ఆరాధన దిగులుగా కూర్చుంది. తొలిసారి ఆమెను నమ్మి పెళ్ళి ఫొటోలు అప్పజెప్పారు. పెళ్ళి మర్నాడే. ఉన్న ఒక్క లెన్సు జూమ్ సగం తిరిగి ఆగిపోతోంది.

"కింద పడేసినావామ్మా?" అడిగాడు వలీ.

"లేదన్నా. మొన్న గండికోటలో వానకు తడిసింది. తుడిచి బల్లమీద పెట్టినా, అంతే."

పక్కనున్న అత్త విశ్వాసమ్మ కొంగు సర్దుకుంటూ గోడవైపు చూసింది.

వలీ లెన్సును దీపానికి ఎదురుగా పట్టి చూశాడు. అద్దాల మీద చెమ్మ లేదు. చెవి దగ్గర పెట్టుకుని రింగు మెల్లగా తిప్పాడు. లోపల ఏదో కరకరలాడింది. స్క్రూలు విప్పి, రింగు జరిపి, బల్ల మీద బోర్లించి తట్టాడు. పచ్చటి కొర్రగింజలు రాలాయి.

"ఇదేందమ్మా, లెన్సుకు సద్ది కట్టినారా?"

విశ్వాసమ్మ ఇక దాచలేకపోయింది. "తడిసిన ఫోన్లు బియ్యంలో పెడతారంట కదప్పా. మా ఇంట్లో కొర్రలే ఎక్కువుండాయి. అది చెడిపోతే పాపకు ఈ పని చేజారతాదని, నిద్రపోయినాక డబ్బాలో పూడ్చి, లేచేలోగా తీసినా."

"వెనక మూత పెట్టకుండానా?"

"దానికి మూత కూడా ఉంటాదా?"

కోప్పడదామనుకున్న ఆరాధనకు నవ్వొచ్చింది. తనకంటే ముందు లేచి, చప్పుడు కాకుండా కొర్రల్లో లెన్సును వెతుక్కున్న అత్త కళ్ళముందు కదిలింది.

వలీ బ్రష్షుతో శుభ్రం చేసి బిగించాడు. రింగు చివరిదాకా మెత్తగా తిరిగింది. ఆరాధన కెమెరా ఎత్తి, నవ్వుతున్న అత్తనే ఫొటో తీసి చూపించింది.

"పండ్లు శానా కనపడతాండాయి," అంది విశ్వాసమ్మ. "ఇంగోటి తీయి."