జమ్మి బాకీ

అన్యాయం ఎవరికి జరిగింది? సిరిసిల్లలో వెల్డింగు పనిచేసే గంగారాంకు. ఎలా జరిగింది? ఒక ఇంజనీరు లెక్కలోని తప్పును అతని చేతి మీద రుద్దారు.

అక్కడ సాంచ అని పిలిచే మరమగ్గంలో, నూలు చుట్టిన బరువైన బీమును మోసే కొత్త బ్రాకెట్ విరిగి, నేతకార్మికుడు నర్సయ్య కాలు నలిగింది. దాన్ని రూపొందించిన మహేందర్ జగిత్యాలలో నా దగ్గర గణితం చదివినవాడు. విరిగిన ముక్కను చూడకుండానే కంప్యూటరులో లెక్క వేసి, బ్రాకెట్ గట్టిదే, గంగారాం వేసిన అతుకే బలహీనమని తేల్చాడు. వాడకట్టు, అంటే ఆ వీధంతా, నమ్మింది. పండుగ నాడు బంగారమంటూ ఒకరి చేతిలో ఒకరు పెట్టుకునే జమ్మి ఆకును ఆ దసరాకు గంగారాం చేతిలో ఎవరూ పెట్టలేదు. భార్య శంకరవ్వను తీసుకొని అతను కోరుట్లకు వెళ్లిపోయాడు.

నా శిష్యుడి మాటతో ఒకరికి ఊరే లేకుండా పోయిందని విని, నేను కోరుట్ల వెళ్లాను.

"గీడ అన్నీ మంచిగనే ఉన్నయ్ టీచరమ్మా," అన్నాడు గంగారాం. "సాంచల సప్పుడే లేదు."

"బస్సు ఆగితె సిరిసిల్లదేనా అని ఉరుకుతడు," శంకరవ్వ అందుకుంది. "నేను పిలిస్తె మాత్రం చెవులు వినవడయ్!"

మంచం కింద నుంచి అతను విరిగిన బ్రాకెట్ తీశాడు. అతుకు చెక్కుచెదరలేదు. పగులు లోపలి మూలలో మొదలైంది. దాన్ని తీసుకెళ్లి మహేందర్ బల్ల మీద పెట్టాను.

అతని పద్ధతిలో వస్తువు లోపలి భాగాన్ని వదిలి, అంచును మాత్రమే ముక్కలుగా విభజించి లెక్కిస్తారు. మూల దగ్గర ముక్కలు పెద్దవైతే, అక్కడి ఒత్తిడి అసలు కన్నా తక్కువగా కనిపిస్తుంది.

"అక్కడ ముక్కల్ని చిన్నవి చేసి మళ్లీ చూశావా?"

"లేదు మేడం. ఒక్కపారి అచ్చిన జవాబు మంచిగనే అనిపించింది."

"నీకు అనిపిస్తుంది. కాలు నర్సయ్యది కదా! ఇప్పుడు చెయ్యి."

ముక్కలు చిన్నవి చేశాడు; ఒత్తిడి పెరిగింది. మరింత చిన్నవి చేశాడు. మరింత పెరిగింది, ఎక్కడా నిలవలేదు. పదునైన మూలలో ఒత్తిడి అలాగే పోగుపడి పగులు పుడుతుంది; ఆ మూలను గుండ్రంగా గీయవలసిన చేయి తనదే. మహేందర్ తల దించుకున్నాడు.

"గంగారామన్నకు ఫోన్ చేస్త మేడం."

"ఫోనులో కాదు. అతని పేరు పోయింది వాడకట్టు ముందు. ఈ దసరా నాడు అక్కడికే జమ్మితో రా."

నా మాట మీద గంగారాం దంపతులూ వచ్చారు. అందరూ గుమిగూడాక మహేందర్ గొంతు పెంచి చెప్పాడు: "అన్న అతుకు మంచిగనే ఉంది. తప్పు నా లెక్కది. మూల కాడ నేను సరిగ్గ చూడలే." జమ్మి ఆకులు గంగారాం చేతిలో పెట్టి కాళ్లు మొక్కాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. దోసిలి నిండినా గంగారాం చూపు వీధి చివరనే ఉంది.

చివరికి నర్సయ్య కుంటుకుంటూ వచ్చాడు. "ఏం రా, కోరుట్ల నీళ్లు బాగనే వట్టినయ్ నీకు!" అంటూ ఆకులు పెట్టి, అతన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు.

గంగారాంకు రావలసిన జమ్మి అంతా వచ్చింది. బాకీ తీరింది.