బూట్లలో ఇంకొకరు

తోలు ఎంత మొండిదైనా మూడంటే మూడు రోజుల్లో తన కాలికి లొంగాల్సిందేనని మామగారి ధీమా. నలభై ఏళ్ళు గొర్రెల మందల వెంట కొండలెక్కి దిగిన మనిషి. మందపాటి అడుగుభాగమున్న తోలు బూట్లలో ఆయన నడిచొస్తుంటే పక్క వీధిలో గిన్నెలు కదిలేవట. ఒకసారి ఎద్దు ఆయన కాలు తొక్కితే కట్టు ఎద్దు కాలికే కట్టాల్సి వచ్చిందట. ఇన్ని కోతలు కోశాక వాటికి పరీక్ష రాకుండా ఉంటుందా? వచ్చింది, కోడలి రూపంలో.

కోడలు అడవి కాపలా ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంది. రాతపరీక్ష గట్టెక్కింది. ఇక మిగిలింది నడక. పది మైళ్ళు, మూడు గంటలు, కాళ్ళకు చీలమండలు దాటే తోలు బూట్లు ఉండి తీరాలి. నిమిషం ఆలస్యమైనా ఉద్యోగం ఇంకొకరిది. మళ్ళీ పిలిచేసరికి ఈమెకు వయసు దాటిపోతుంది.

కొత్త బూట్లేసుకుని ఊరి చివరిదాకా వెళ్ళొచ్చేసరికి రెండు మడమల మీదా రేగుపళ్ళంత బొబ్బలు లేచాయి. పరీక్షకు సరిగ్గా వారం ఉంది.

"వాటిని నా కాళ్ళకివ్వు," అన్నారు మామగారు. "నీ మడమలు మానేలోపు దారికి తెస్తాను. బుధవారం సాయంత్రానికి వెన్నముద్దలు చేసి నీ చేతిలో పెడతాను."

"మీకు పడతాయా మామయ్యా?"

"కాపురానికొచ్చిన మొదటి రోజే నా చెప్పులేసుకుని కొట్టుకెళ్ళినదానివి. మర్చిపోయావా? మనిద్దరి పాదాలూ ఒకే కొలత."

మూలన కూర్చుని చిరిగిన మేజోడు కుడుతున్న అత్తగారు ఏదో అనబోయి, దారం పంటితో తెంపారు.

మూడు రోజులూ మామగారు ఆ బూట్లను ఊరేగించారు. ఇంటి నుంచి టీ కొట్టుకి, అక్కణ్ణుంచి మంగలి షాపుకి, మళ్ళీ టీ కొట్టుకి. సాయంత్రం కాగానే బ్రష్షుతో మట్టి దులిపి, తడిగుడ్డతో తుడిచి, లోపల పాత పేపర్లు కూరి, పొయ్యికి దూరంగా నీడలో ఆరబెట్టేవారు. ఆరాక కుట్ల వెంట బొటనవేలితో మైనం రుద్దేవారు. ఆ సేవలో మాత్రం ఆయనకు వంక పెట్టడానికి లేదు. బుధవారం సాయంత్రానికి బూట్లు నిజంగానే మెత్తబడ్డాయి.

గురువారం పొద్దున్నే కోడలు లేసులు బిగించి బయల్దేరింది. గంట తిరక్కుండానే వచ్చి గుమ్మం మెట్ల మీద కూలబడింది.

"మామయ్యా, ఈ బూట్లలో ఇంకొకరున్నారు."

"ఎవరే?"

"మీరే. కుడి బూటు పక్కకి తిరిగి నడుస్తోంది. బొటనవేలి పక్కన ఇంత గుంట. నా వేలు అందులో గిరికీలు కొడుతోంది. అది పోనీ, వంతెన వైపు వెళ్దామని బయల్దేరితే, సందు మలుపులో రెండు బూట్లూ నన్నడక్కుండా టీ కొట్టువైపు తిరిగాయి. కొట్టాయన తలెత్తకుండానే పంచదార తక్కువ టీ నా ముందు పెట్టాడు."

"తాగావా?"

"తాగాను. బాగానే ఉంది. కానీ ఉద్యోగం టీ కొట్టులో కాదు కదా మామయ్యా."

ఆ గొంతులో నవ్వు లేదు. మామగారికి సంగతి అర్థమైంది. మూడు రోజులు ఆయన మెత్తబరిచింది బూట్లనే, కానీ కోడలి కాలికి కాదు, తన కాలికి. ఎడాపెడా కోసిన కోతలన్నీ గుర్తొచ్చి, తల గీరుకుంటూ నిలబడ్డారు. "నా బూట్లు నేనెప్పుడూ ఇలాగే కదా..."

"మీ బూట్లా?" అత్తగారు సూది పక్కన పెట్టారు. "ఏమండీ, ఏనాడైనా ఒక్క జతైనా మీరు మెత్తబరిచారా?"

"మరెవరు?"

"కొత్త జత కొన్న ప్రతిసారీ పాతవేసుకుని మంద తోలుకెళ్ళేవారు. కొత్తవి పెట్టెలో ఉన్నాయనుకునేవారు. అవి నా కాళ్ళకుండేవి. లోపల రెండు జతల మేజోళ్ళు తొడుక్కుని పది రోజులు కొట్టం కడిగేదాన్ని. మీరు ఆడుతూ పాడుతూ వేసుకుని, మూడు రోజుల్లో లొంగదీశానని ఊరంతా చెప్పుకునేవారు."

"అలాగైతే వాటికి నీ కాలి ఆకారం రావాలిగా?"

"రాలేదని ఎవరన్నారు?" అత్తగారు కుడి కాలు చాపారు. బొటనవేలి పక్కన గుండ్రంగా బొడిపె. మామగారు తన కాలు పక్కన పెట్టి చూసుకున్నారు. అచ్చు అదే బొడిపె, అదే చోట. "బూటు మీకు లొంగలేదు. మీరే బూటుకి లొంగారు."

కోడలు ఏడవబోయినది కాస్తా నవ్వేసింది. మామగారు కూడా నవ్వారు. వేరే దారి లేదు మరి.

ఆపైన అత్తగారే పగ్గాలు పట్టారు. గుంటలో కంబళి ముక్క పెట్టారు. లోపల తడిగుడ్డతో ఒత్తి, కోడలికి రెండు జతల మేజోళ్ళు తొడిగించి, బూట్లు కాళ్ళ మీదే ఆరేదాకా విప్పొద్దన్నారు. కోడలు బూట్లతోనే వండింది, ఉతికింది, నిచ్చెనెక్కి బూజు దులిపింది. టీ కొట్టు సందువైపు వెళ్ళొద్దని ఆజ్ఞ, బూట్లు పాత అలవాటు మర్చిపోవాలి కదా. సాయంత్రాలు మామగారికి బ్రష్షూ మైనమూ మాత్రమే మిగిలాయి.

ఆదివారం గమ్యం దగ్గర గడియారం పట్టుకున్న అధికారి పక్కన మామగారు నిలబడ్డారు. మనిషి కనపడకముందే బూట్ల చప్పుడు వినపడింది. తిన్నగా, అటూ ఇటూ తిరగని అడుగులు. కోడలు అందరికంటే ముందు గీత దాటింది.

ఆ సాయంత్రం టీ కొట్టులో మామగారు కొత్త మాట అందుకున్నారు. "మా ఇంటి ఆడవాళ్ళకి లొంగని తోలు లేదయ్యా. నేనే సాక్ష్యం."

అందరికంటే ముందు అన్నది మాత్రం కథ చెప్పేవాడు కోసిన కోత. కోడలు చివరి నుంచి మూడోది. గడువుకి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి, మడమ మీద ఒక్క బొబ్బ లేదు. ఉద్యోగానికి అది చాలు. టీ కొట్టు సంగతి నిజం, పాదాల సంగతి అంతకంటే నిజం. ఎద్దు సంగతి ఎద్దునే అడగాలి.