ఏడు నిమిషాల గంట

నాకు ముక్కు మీద కోపం. నోట్లో నువ్వుగింజ నానదు. ఇది నేను చెప్పుకునేది కాదు, ఈ బడిలో నాతో పనిచేసిన ప్రతి టీచరూ అన్నమాటే. అలాంటిదాన్ని ఒక్క సంగతి మాత్రం నలభై ఎనిమిదేళ్ళు కడుపులో దాచుకున్నాను. నాన్నకి మాటిచ్చాను మరి.

నాన్న ఈ బడికి అటెండరు. వరండా దూలానికి గొలుసుతో వేలాడే రైలుపట్టా ముక్కే మా గంట. దాన్ని కొట్టే సుత్తిని ఆయన ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. సాయంత్రం ఇంటికి తెచ్చుకుని తలుపు మూల నిలబెట్టేవాడు. ఆ సుత్తి పిడికి ఆయన చేతి చెమట వాసన ఉండేది. అందరూ ఆయన్ని గంటయ్య అనేవారు. ఆయన తర్వాత ఉద్యోగం నాకొచ్చింది, నేను గంటమ్మనయ్యాను. కన్నవాళ్ళు పెట్టిన పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు.

చిన్నప్పుడు నా పక్కన కూర్చునే పిల్లని పిచ్చిక అనేవాళ్ళం. అంత బక్కగా ఉండేది. వాళ్ళమ్మ నూలుమిల్లులో రాత్రి డ్యూటీ చేసేది. పొద్దున ఆవిడ ఇంటికొచ్చి చంటివాణ్ణి అందుకుంటే గానీ పిచ్చిక గడప దాటడానికి లేదు. అక్కణ్ణుంచి కాలవ వంతెన మీదుగా ఎంత పడుతూ లేస్తూ పరిగెత్తినా బడికి చేరేసరికి తొమ్మిదీ ఏడయ్యేది. నాన్న సుత్తి భుజాన ఆనించుకుని వంతెన వైపు చూస్తూ నిలబడేవాడు. పిచ్చిక కాలు గేటులో పడగానే ఠంగున కొట్టేవాడు. అప్పటి పెద్దపంతులుగారు అడిగితే, "ఆఫీసు గడియారం ముందుకి నడుస్తోందండీ" అని అమాయకంగా తల గోక్కునేవాడు.

"దానికోసం ఎందుకాగుతావు నాన్నా?" అని ఒకరోజు అడిగేశాను. నాకు కుళ్ళుగా కూడా ఉండేది, నాకోసం ఏనాడూ ఆగలేదాయన.

"ఆలస్యంగా వచ్చిన పిల్ల రోజంతా తల దించుకుని కూర్చుంటుందే. వేళకొచ్చిన పిల్ల చెయ్యెత్తుతుంది. దానికి మాత్రం చెప్పకు. తెలిసిందంటే మళ్ళీ తల దించుకుంటుంది" అన్నాడు.

పిచ్చిక చెయ్యెత్తింది. ఎంతలా ఎత్తేదంటే, "కాస్త దించవే తల్లీ, మిగతావాళ్ళకీ వంతు రానీ" అని పంతులుగారు బతిమాలుకునేవారు. ఎత్తిన చెయ్యి దించకుండానే పెద్దదైంది, రాజకీయాల్లోకి వెళ్ళింది, మంత్రి అయింది. టీవీలో ఎప్పుడు మాట్లాడినా ఒకటే కథ. ఐదేళ్ళలో ఒక్కరోజు కూడా బడికి ఆలస్యం కాలేదట, తన కాలు గేటులో పడటమూ గంట మోగడమూ ఒకటేనట. నాకు ఒళ్ళు మండిపోయేది. మోకాళ్ళ నొప్పులతో నిలబడింది మా నాన్న, గొప్పంతా ఈవిడ కాళ్ళకా అనుకుని టీవీ కట్టేసేదాన్ని. మళ్ళీ ఆ ముఖం చూడాలనిపించి నేనే పెట్టుకునేదాన్ని.

ఇప్పటి హెడ్మాస్టరు నా కొడుకు ఈడువాడు. చెడ్డవాడు కాదు, గడియారాన్ని మరీ నమ్ముతాడంతే. "గంట రోజూ ఏడు నిమిషాలు ఆలస్యమవుతోందమ్మా. ఎందుకో కాగితం మీద రాసివ్వండి" అన్నాడు. ఏం రాయను? నాలుగో తరగతిలో ఒక పిల్ల ఉంది. వాళ్ళమ్మ ఆస్పత్రిలో రాత్రిపూట గదులు తుడుస్తుంది. ఇంట్లో పాలుతాగే చెల్లి. అదే వంతెన, అదే పరుగు, అవే ఏడు నిమిషాలు. నాన్న వదిలిపెట్టిన చోటే నేను నిలబడ్డాను. నేను రాసివ్వకపోయేసరికి ఆయన కరెంటు గంట తెప్పించి వరండా గోడకి బిగించాడు. ప్రారంభోత్సవం అయిన మర్నాటినుంచి తొమ్మిదింటికి అదే మోగుతుంది, వెంటనే గేటు మూసేస్తారు. గోడ మీది డబ్బాకి వంతెన కనబడుతుందా? ఆ పిల్ల రోజూ గేటు బయటే.

ఆ కొత్త గంట ప్రారంభించడానికి వచ్చింది మంత్రి. ముందు పాత గంట చివరిసారి ఆవిడ చేత కొట్టించి, తర్వాత కొత్తదాని స్విచ్చి నొక్కించాలని ఏర్పాటు. ఆ తర్వాత బడి వెనక గదిలో కుట్టుపని మహిళా సంఘంతో సమావేశం. పిల్లలు వరసలు కట్టారు. పూలగుత్తులు అందుకుంటూ వచ్చిన మంత్రి నన్ను చూసి ఆగింది.

"గంటయ్యగారి అమ్మాయివి కదూ. జుట్టంతా నెరిసిపోయిందే."

"మీరు రంగేశారు కాబట్టి మీది తెలియట్లేదు మేడం" అన్నాను. నోరు ఊరుకోదు కదా.

ఆవిడ పకపకా నవ్వింది. హెడ్మాస్టరు రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

మైకులో మళ్ళీ అదే కథ మొదలైంది. "ఐదేళ్ళలో ఒక్కరోజు ఆలస్యం కాలేదర్రా. నా కాలు గేటులో పడేది, గంట మోగేది." పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను పళ్ళ బిగువున కోపం అణచుకున్నాను. నాలుగో తరగతి వరసలో ఒక చోటు ఖాళీగా ఉంది.

తొమ్మిదయింది. మంత్రి సుత్తి అందుకుంది. నేను పక్కనే ఉన్నాను. నా కళ్ళు వాటంతటవే వంతెన మీదికి పోయాయి. ఇంకా ఎవరూ లేరు. ఆవిడ సుత్తి పైకెత్తింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నేను ఆవిడ మణికట్టు పట్టేసుకున్నాను.

"ఆగవే పిచ్చికా, ఒక పిల్ల రావాలి."

అన్న తర్వాత గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. కాపలా మనిషి ముందుకొచ్చాడు. హెడ్మాస్టరు ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఆవిడ కళ్ళతోనే వాళ్ళని ఆపి, నేను చూస్తున్న వైపు చూసింది. కాసేపటికి వంతెన మీద పిల్ల కనబడింది. సంచీ పొట్టకి హత్తుకుని పరుగు. మధ్యలో చెప్పు జారితే వెనక్కి వెళ్ళి తీసుకుని, చేత్తోనే పట్టుకుని మళ్ళీ పరుగు. మంత్రి సుత్తిని భుజానికి ఆనించుకుంది, అచ్చం నాన్నలాగే. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

పిల్ల కాలు గేటులో పడింది.

"ఊఁ, కొట్టు" అన్నాను.

ఠంగుమంది. ఆ పిల్ల రొప్పుతూ వరసలో దూరి, పక్క పిల్లతో, "చూశావా, ఇవాళ కూడా సరిగ్గా గంటకే వచ్చేశా" అంది. ఆ మాట మంత్రి కూడా విన్నది.

"మీ నాన్నగారు కూడానా?" అని మెల్లగా అడిగింది నన్ను. నేను కాలి బొటనవేలు చూసుకుంటూ ఉండిపోయాను. నా నోట్లో నువ్వుగింజ నానింది ఆ ఒక్కసారే. ఆవిడ స్విచ్చి దగ్గరికి వెళ్ళకుండా, "తర్వాత చూద్దాం" అని కుట్టుపని గదివైపు నడిచింది.

అక్కడ నేను మంచినీళ్ళు అందిస్తున్నాను. "మీ చిన్ననాటి సంగతులు చెప్పండి మేడం" అని అడిగారు సంఘం వాళ్ళు. ఆవిడ చేతిలోని గ్లాసు కుట్టుమిషన్ మీద పెట్టింది.

"నేను ఐదేళ్ళూ రోజూ ఆలస్యంగానే వచ్చానమ్మా. ఆ సంగతి నాకు తెలియకుండా ఒకాయన చూసుకున్నాడు. ఇవాళే తెలిసింది" అని తల దించుకుంది.

నాన్న భయపడింది దీనికే. ఇన్నేళ్ళు కాపాడిందంతా నా చేత్తో నేనే పాడుచేశానే అనుకున్నాను.

అంతలో ఆవిడ తలెత్తింది. వెంట వచ్చిన హెడ్మాస్టరు వైపు తిరిగి, తరగతిలో లాగా చెయ్యెత్తింది. "సార్, ఒక్కటి అడగనా? ఆ కరెంటు గంట తీయించెయ్యండి. బడి గంట ఈవిడ చేతిలోనే ఉండనివ్వండి. ఏడు నిమిషాలు నా పేరున రాసుకోండి."

హెడ్మాస్టరు కూడా ఆ వంతెన మీది పిల్లని చూశాడుగా. కాగితం మళ్ళీ అడగలేదు.

ఆ సాయంత్రం సుత్తి ఇంటికి తెచ్చి తలుపు మూల నిలబెట్టాను. నాన్న ఫోటో ఎదురుగా కూర్చుని సంజాయిషీ చెప్పుకున్నాను. నేను దానికి చెప్పలేదు నాన్నా, చెయ్యి పట్టుకున్నానంతే. అది తల దించుకుంది, నిజమే. కానీ మళ్ళీ చెయ్యెత్తింది.