పది లక్షల గీత

పరిమళ నందిగామ హైస్కూల్లో పదిహేడేళ్ళుగా లెక్కలు చెబుతోంది. జీతంలోంచి నెలకు రెండు వేలు తీసి ఒక రెట్టింపు ఫండులో వేస్తుంది. మార్కెట్టు ఆ రోజు ఒక శాతం పెరిగితే ఆ ఫండు రెండు శాతం పెరుగుతుంది, తగ్గితే రెండు తగ్గుతుంది. దాని నిబంధనలు అరవై పేజీలూ పెన్సిలు పట్టుకుని చదివాకే అందులో పెట్టింది. మొత్తం పోయినా ఇంటి ఖర్చుకు తడుముకోనక్కర్లేనంతే పెట్టింది.

అలాంటి మనిషికి కొత్త నిబంధన ముసాయిదా సంగతి తెలిసి ఒళ్ళు మండింది. ఇలాంటి ఫండ్లు సామాన్యులకు అర్థం కావట, అందుకని ఇకమీదట కొననివ్వరట. అభ్యంతరాలుంటే నెలాఖరులోగా రాసుకోమంది మార్కెట్టు నియంత్రణ సంస్థ.

జగ్గయ్యపేటలో పురుగుమందుల కొట్టు నడిపే భవానీప్రసాద్ దీని మీద వాట్సాప్ గ్రూపు పెట్టాడు. 'మన డబ్బు, మన ఇష్టం' అని రోజుకు పదిసార్లు పెట్టేవాడు. ఆదివారం మీటింగన్నాడు. చర్చి అవగానే పరిమళ బస్సెక్కింది.

కొట్టు మేడ మీద ఇరవై మంది దాకా చేరారు. అందరి దగ్గరా ఒకటే ఉత్తరం. ఎవరో ఎక్కడో రాసింది ఫోన్లలో తిరిగి తిరిగి వీళ్ళకు చేరింది. 'ఇక్కడ మీ పేరు రాయండి' అన్న ముక్క కూడా తియ్యకుండా పన్నెండు మంది అప్పుడే పంపేశారు.

"మనకేం తెలీదని వాళ్ళంటుంటే, ఇలా పంపి అవునని మనమే చెప్తున్నామండీ!" అంది పరిమళ.

"ఎవరు చదువుతారు టీచర్ గారూ? ఎన్నొచ్చాయో లెక్కేసుకుంటారంతే," అన్నాడు భవానీప్రసాద్.

"పోనీ ఒకటి చెప్పండి. మార్కెట్టు ఇవాళ పది శాతం పడి, రేపు పది శాతం లేస్తే మన ఫండు ఎక్కడుంటుంది?"

"ఎక్కడుంటుంది, ఉన్నచోటే."

పరిమళ కళ్ళు మూసుకుని తెరిచింది. "వంద మొదటిరోజు ఎనభై అవుద్ది. రెండోరోజు ఎనభై మీద ఇరవై శాతం, అంటే పదహారు. తొంభై ఆరు. మామూలు ఫండైతే తొంభై తొమ్మిది."

వెనక నుంచి ఎవరో సమోసాలు ఎప్పుడొస్తాయని అడిగారు.

"అసలు ముసాయిదా చదివారా ఎవరన్నా?" అందామె. తనే పదకొండో పేజీ తీసి చదివింది. పది లక్షలకు పైన మదుపు ఉన్నవాళ్ళకు ఈ అడ్డు లేదు.

భవానీప్రసాద్ మొహం విచ్చుకుంది. "ఈ మాట ముందే చెప్పొద్దా! నాకు ముప్పై దాకా ఉన్నాయి. అయితే మనకేం ఇబ్బంది లేదు గదా," అని లేచాడు. ఆయన వెనకే సగంమంది లేచారు. ఆయనే లేకపోతే మనమెంత అనుకుంటూ మిగతా సగం దిగిపోయింది.

ఉన్నచోటే ఉంటుందన్న మనిషికి తలుపులు బార్లా తెరిచి, అరవై పేజీలు చదివిన తనకు గడియ వేస్తారా! పరిమళ ముసాయిదా కాగితాలు విసురుగా మడిచింది.

భవానీప్రసాద్ భార్య పుష్పవతి టీ గ్లాసులు సర్దుతూ ఆగింది. "ఆ ఎనభై లెక్క మళ్ళీ చెప్పండి టీచర్ గారూ. నా పేర రెండు లక్షలే ఉన్నాయి, ఆయనకి లేని ఇబ్బంది నాకుంది."

పరిమళ చెప్పింది. ఈసారి మార్కెట్టు పది కాక ఇరవై శాతం చొప్పున పడి లేస్తే ఫండు ఎంతో పుష్పవతే వేళ్ళమీద లెక్కేసింది. "ఎనభై నాలుగు. అమ్మో!" అంది. "అయినా తెలిసి కొనుక్కుంటే నా తప్పు నాదే గదా."

ఇద్దరూ అక్కడే కూర్చుని ఉత్తరం రాశారు. డబ్బుని బట్టి కాదు, తెలివిడిని బట్టి గీత గియ్యండి, పరీక్ష పెట్టండి, మేం రాస్తాం అని. రెండు సంతకాలు పెట్టి పంపారు.

మూడు నెలలకు నిబంధన ఖాయమైంది. పది లక్షల గీత అలాగే ఉంది. వచ్చిన సూచనలన్నీ పరిశీలించామని ఒక్క వాక్యం ఉంది.

ఆ తర్వాత వారం హెడ్మిస్ట్రెస్ ప్రమీలారాణి పరిమళను పిలిచి ఒక సర్క్యులర్ చేతిలో పెట్టింది. కొత్త నిబంధన మీద ప్రజలకు అవగాహన తరగతులట. రెట్టింపు ఫండ్ల గురించి చెప్పడానికి లెక్కల టీచర్లు కావాలట.

"నీ పేరే రాశానమ్మా. మన దగ్గర ఇది తెలిసింది నీకొక్కదానికేగా."

పరిమళ ఆ కాగితం రెండుసార్లు చదివింది.

"చెప్తానండి," అంది చివరికి. "కొనుక్కునే అర్హత మాత్రం నాకు లేదని కూడా చెప్తా."