పైకి అనకూడని బరువు

అమెరికాలో మా అరోరా డౌన్‌టౌన్‌లో నేను శనివారాలు వాలంటీర్‌గా పనిచేసే చిన్న మ్యూజియం ఒకటుంది. నూరేళ్ళ క్రితం అది పసిపిల్లల ఆరోగ్య కేంద్రం. ఇంగ్లీషు రాని కొత్త తల్లులు బిడ్డల్ని ఎత్తుకొస్తే నర్సులు బరువు చూసేవారు, శుభ్రమైన పాలు ఇచ్చేవారు. పైసా తీసుకునేవారు కాదు. ఇప్పుడు వచ్చేవాళ్ళు ఆనాటి బుట్ట త్రాసు ముందు నిలబడి "హౌ క్యూట్!" అంటారు. ఎండాకాలం వస్తే పాడైన పాలు తాగి పసిపిల్లలు పిట్టల్లా రాలిపోతుంటే పెట్టిన చోటిది. క్యూట్ ఏమిటో నా తలకాయ! పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ చేస్తున్నదాన్ని, నాకు ఒళ్ళు మండుతుంది.

వీధివైపు అద్దం మీద పాత అక్షరాలకే మళ్ళీ రంగులు వేయించారు. 'బేబీ వెల్ఫేర్. బరువు చూడబడును. ఫ్రీ.' మొన్న శనివారం ఆ అక్షరాలు నమ్మి ఇద్దరు లోపలికి వచ్చారు. ముందు స్ట్రోలర్ తోసుకుంటూ ఒక పెద్దావిడ, వెనక కళ్ళు వాచిపోయిన ఆవిడ కోడలు.

"తెలుగమ్మాయివా? బతికించావు. మా మనవరాలి బరువు చూడమ్మా," అంది పెద్దావిడ.

"ఆంటీ, ఇది మ్యూజియం. ఇప్పుడు ఎవరికీ చూడరు."

"బోర్డు పెట్టారుగా! మా ఊళ్ళో అంగన్‌వాడీలో చూసినట్టే అనుకున్నా."

"సారీ అండీ," అంది కోడలు. "నిద్ర లేక నేనూ సరిగ్గా చూడలేదు. పదండి అత్తయ్యా."

అత్తగారు కదల్లేదు. పోయిన వారం డాక్టర్ చూస్తే పాప ఏడు పౌండ్లే ఉందట. సోమవారానికి పెరగకపోతే డబ్బా పాలు మొదలుపెట్టమన్నారట.

"డబ్బా పాలు పడితే తప్పేం లేదాంటీ," అన్నాను.

"తప్పని కాదమ్మా. అదేమో రోజంతా ఏడుపు. చంద్రికకి పాలు చాలట్లేదు, నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా."

చంద్రిక తల వంచుకుంది. ఆ మాట ఇంట్లో ఎన్నిసార్లు విందో ఆ మెడ చూస్తేనే తెలిసింది. నాకు జాలేసింది. అత్తగారి మీద కోపం కూడా వచ్చింది.

త్రాసు బాగానే పనిచేస్తుంది. స్కూలు పిల్లలకి చూపించడానికి ప్రతి శనివారం చక్కెర ప్యాకెట్ పెట్టి సరిచూసేది నేనే. 'తాకరాదు' అని కార్డు రాసిందీ నేనే. ఆ కార్డు తీసి జేబులో పెట్టుకున్నాను.

"బట్టలు, డైపర్ తీసేయండి. డాక్టర్ దగ్గర చూసేదే అసలు లెక్క. సోమవారం మానొద్దు," అన్నాను.

మెత్తటి గుడ్డ పరిచి, దాని బరువు తీసేసి, పాపని పడుకోబెట్టాం. పాప పేరు నిధి. పిడికెడంత ఉంది, ఏడుపు గొంతు మాత్రం గంట కొట్టినట్టుంది. చంద్రిక త్రాసు వైపు చూడలేక గోడకేసి తిరిగింది. నేను త్రాసు కాడ మీద గుండు జరిపాను. కాడ కిందకీ పైకీ ఊగి నిలబడింది. మరోసారి చూసుకున్నాను.

"పెరిగింది! ఏ..."

"ష్!" అత్తగారు నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "పైకి అనకు తల్లీ, దిష్టి తగులుతుంది. నా చెవిలో చెప్పు."

చంద్రిక గిరుక్కున తిరిగింది.

"పాలు చాలట్లేదని అందరికీ పైకే చెప్పారు కదా అత్తయ్యా. ఇండియాకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టి మరీ చెప్పారు. ఇది కూడా పైకే అననివ్వండి. నేను వినాలి."

అత్తగారి మొహం పాలిపోయింది. పాపం, ఆవిడా మనవరాలి మీద బెంగతో నిద్రపోయినట్టు లేదు. మెల్లగా నా నోటి దగ్గర్నుంచి చెయ్యి తీసేసింది.

"ఎంతమ్మా?"

"ఏడున్నర పౌండ్లు ఆంటీ. వారంలో పెరగాల్సినంత పెరిగింది."

ఆవిడ నిధిని గుడ్డతో సహా ఎత్తి చంద్రిక చేతుల్లో పెట్టింది. ఫోన్ తీసి ఇండియాకి కలిపి, స్పీకర్ నొక్కింది.

"వదినా, పడుకున్నావా? లే. మా కోడలి పాలు చాలుతున్నాయి," అంది, మ్యూజియం అంతా వినపడేలా.