అందఱికిని వెనుక

హేమంతర్తువున భీమునిపట్టణపు సాగరతీరమున నంతకంతకు దట్టమగుచుండిన మంచుతెరలలో దీపస్తంభమును జాలరుల పడవలును నొక్కటొక్కటిగ నదృశ్యములు కాగా తూర్పున సూర్యబింబము వెడలుదునా మానుదునా యని తటపటాయించుచుండెను. అట్టి చలిలో దుప్పటి వీడి వెలికివచ్చుట బుద్ధిమంతులు చేయు పని కాదు. కాని యా పట్టణపు పరుగుసంఘమువారికి బుద్ధికంటె నుత్సాహము మెండగుటచే నందఱును బూట్లు బిగించి కొండదారి మొదట గుమిగూడిరి.

ఆ సంఘమున నొక యాచారము కలదు. ఏటేట తమకు చేయూతయై నిలిచినవారి నొక్కరిని రహస్యముగ నెన్నుకొని గమ్యమున గట్టిన రిబ్బనుకడ తామందఱును దటాలున నిలిచిపోయి యా యొక్కరిచే దానిని దెంపింతురు. ఎన్నికయైనవారికి మాత్రమా సంగతి తెలియనీయరు. ఈ యేడు గౌరవము పొందవలసినది మహిళాకళాశాలలో గణితము బోధించు బొడ్డేపల్లి అరుంధతి. ఆమె వేగము చెప్పుకొనదగినది కాదు. అలసినవారికి నీళ్లును బెల్లపుముక్కయు నందించుచు నడకకు దిగినవారితో తానును నడచుచు నందఱికిని వెనుక వచ్చుట యామె వాడుక. కడపట వచ్చునామె రిబ్బను దెంపుట యెట్లు? అందుచే సంఘాధ్యక్షుడగు వడ్డాది కూర్మారావు మోకాలినొప్పి నెపముగ బెట్టి “అమ్మా, ఇయ్యాల నా పక్కనే పరిగెట్టండి, ఎక్కడ పడిపోతానో ఏటో” యని బతిమాలి యామెను ముందునకు గొనిపోయెను. వెనుకనుండుటచేతనే మాన్యురాలైనదానిని మన్నించుటకై వెనుకనుండి తప్పించిన యా పెద్దల తెలివి నేమనవలయును!

గమ్యము సమీపింపగనే ముందువారందఱు నిరుప్రక్కల నిలిచిపోయిరి. అరుంధతియు నిలిచెను. ఇందఱొక్కమాఱుగ నాగుట యామె యెఱిగినంతలో నొక్క కారణముననే జరుగును.

“ఎవరు పడిపోయారండీ?” యని యామె యాతురపడి యడిగెను.

అందఱును ఫక్కున నవ్విరి. “ఎవరూ పడిపోలేదమ్మా, మీరెళ్లి రిబ్బను తెంపండి” యని కూర్మారావు పూలమాల నందుకొనెను. ఆమె యొక్కొక్క మొగమును వెదకి చూచి వెలవెలబోయెను.

“జోగారావుగారేరీ?”

నవ్వులాగిపోయెను. ఇప్పిలి జోగారావు బట్టలవర్తకుడు. సంఘమున గొత్తగ జేరినవాడు. మధుమేహమునకు దినదినము నిన్సులిన్ సూది వేసికొనువాడు. ఎనకాల వస్తన్నాడనుకున్నామని ప్రతివారును బలికిరి. ఆ వెనుక నుండవలసిన మనిషి వారి ముందఱనే నిలిచియుండెను.

ఆమె వచ్చినదారినే వెనుకకు బరుగెత్తెను. ఆమె వేగము చెప్పుకొనదగినది కాదంటిని గదా, ఆ మాట నిచ్చట నుపసంహరించుకొనుచున్నాను. పేరుపెట్టి పిలిచినకొలది సముద్రఘోష తప్ప బదులులేదు. మంచులో నాలుగడుగుల యావల దారి కనబడదు. సూది వేసికొని యేమియు దినక బయలుదేఱెనేమో, నెత్తుట జక్కెర తగ్గి స్పృహ తప్పి యే గోతిలో బడియుండెనో యని తలచుచు నామె పొదపొదయు వెదకుచు బోయెను.

మలుపుకడ జీడిమామిడి పొదకు జేరగిలబడి యతడు కనబడెను. అంత చలిలోను నొడలెల్ల చెమటతో దడిసియుండెను. చూపు నిలుకడ లేదు. “కొట్టు తియ్యాలి, తాళాలేవి” యని గొణుగుచుండెను. అరుంధతి బెల్లము చిదిపి యతని పెదవుల నడుమ నుంచి “నమలండి. జోగారావుగారూ, నన్ను చూసి నమలండి” యని గద్దించెను. దవడ కదలలేదు. ఆమె మరల గద్దించెను. అప్పుడు మెల్లమెల్లగ దవడ కదలెను. రెండవముక్కయు లోనికి బోయెను. కొంతసేపటి కతడామె నానవాలుపట్టి “పరుగయిపోయిందేటమ్మా?” యని సిగ్గుపడుచు నడిగెను. ఆమె యేడ్చినది.

అంతలో నందఱును రొప్పుచు వచ్చి చేరిరి. సంఘములోని వైద్యుడు నాడిచూచి భయము లేదనెను. జోగారావు నిద్దఱు భుజములబట్టి నడిపింపగ మరల రిబ్బనుకడకు వచ్చిరి. కూర్మారావు కన్నుల నీరు నిండ మాలతో నామె వెనుక నిలిచి “తప్పు నాదమ్మా. మీరు ముందు నడండి, మీ ఎనకాల నేనొస్తాను” అనెను.

అరుంధతి కదలలేదు.

“లేదండి. నా ఎనకాల ఎవరూ ఉండకూడదు. మీరే నడండి.”

అతడు మాల చేతబట్టుకొని తలవంచి ముందు నడచెను. రిబ్బను నెవ్వరు దెంపిరో యెవ్వరును జూడలేదు. అందఱును వెనుదిరిగి యామె వచ్చువఱకు జూచుచుండిరి.